ఇంతమంది నింగలు

ధర్మవరం
12-3-1958

చిరంజీవి రంగప్పకు అక్క నీలావతి దీవించి రాసేది.

ఇక్కడ నేను, బుడ్డోడు, అత్త బాగున్నాం. అక్కడ మీరూ బాగున్నారనుకుంటాను. కృష్ణమ్మకు ఎనిమిదో నెల దాటింది కదా, మండీలో చింతపండు బుట్టలు ఎత్తనివ్వకు. ఇక అసలు సంగతి. మీ బావను రేపటి రైలుకే ఎక్కించి పంపు.

ఎనిమిది రోజులైంది. "హిందూపురం పోతాండా, రంగప్ప కాడికి" అని గడప దగ్గర ఒక మాట పడేసి వెళ్ళాడు. ఆయనకు అలక వస్తే పోవడానికి బావమరిది ఇల్లు ఉంది. నాకు అలక వస్తే నేనెక్కడికి పోవాలి? అదే ఇంటికి. అక్కడ ముందే ఆయన కూర్చుని ఉన్నాడు!

గొడవ ఎందుకొచ్చిందో ఆయన తనకు అనుకూలంగా చెప్పే ఉంటాడు. నా మాట కూడా విను. పెండ్లయిన తొమ్మిదేండ్ల దాకా మాకు పిల్లలు లేరు కదా. అత్త, మీ బావ కలిసి పెనుకొండ కోట దగ్గర ఉన్న ఆ వీరుడి రాతికి మొక్కుకున్నారట. కొడుకు పుడితే నీ పేరే పెడతాం అని. నాకు ఒక్క ముక్క చెప్పలేదు. బుడ్డోడికి మూడో నెల వచ్చింది, పేరు పెడదాం అంటే అప్పుడు బయటపెట్టారు. ఆ వీరుడి పేరే మామ పేరు. మామ పేరే మీ బావ పేరు. ఇప్పుడు వీడికీ అదే.

మన అవ్వ ఏం చెప్పేది? మొగుడి పేరు పలికితే మొగుడి ఆయుష్షు తగ్గుతుంది అని. పదేండ్లుగా నేను ఆ పేరు పలకలేదు. మామ పేరు కూడా అదే కాబట్టి రెండు విధాలా పలకలేదు. ఇప్పుడు కన్నకొడుకును కూడా "ఓయ్" అనే పిలవాలా? "నా కొడుకు పేరు నా నోటికి వచ్చేదే ఉండాల" అన్నాను. అత్త "పేరు పెట్టకుంటే పిల్లోడు దక్కేది ఎట్లమ్మా" అంది. మీ బావ సగం ముద్దలో లేచిపోయాడు.

నేను తగ్గను. కానీ ఒకటి చెప్తాను, ఆయనకు చెప్పొద్దు. రోజూ సాయంత్రం నేను గడపలో నిలబడి "ఏమయ్యో, నీళ్ళు కాగినాయి" అంటే, ఆయన వీధి చివర ఉన్నా "వస్తాండా" అని కేక వేసేవాడు. ఈ ఎనిమిది రోజులూ అలవాటుగా నీళ్ళు కాచాను. చల్లారిపోయాయి. గేదె తాగింది.

వెంటనే పంపు.
మీ అక్క
నీలావతి


హిందూపురం
15-3-1958

అక్కకు రంగప్ప మొక్కులు.

నీ జాబు అందింది. బావ ఇక్కడికి రానే లేదు! సంక్రాంతి తర్వాత ఆయన మొహమే చూడలేదు నేను.

ముందొక సంగతి. నీ కవరు మీద పంపినవారి పేరు "రంగప్ప అక్క, ధర్మవరం" అని రాస్తున్నావు. పోస్టుమాను నవ్వుతున్నాడు, "ఏమప్పా, మీ అక్కకు ఇల్లూ మొగుడూ ఏమీ లేరా" అని. "నింగప్ప భార్య" అని రాస్తే బావ ఆయుష్షు ఏం తగ్గదులే. కాగితానికి నోరు ఉందా?

ఇంకొక సంగతి, ఇది జాగ్రత్తగా చదువు. ఇక్కడ చింతపండు సంత మైదానంలో నాటకం కంపెనీ గుడారం వేసింది. ఊరంతా గోడల మీద కాగితాలు అంటించారు. "పెనుకొండ నింగన్న కథ. నింగన్న వేషం: నింగప్ప" అని ఎర్రటి అక్షరాలతో ఉంది. నీ పెండ్లిలో బావ విడిదింట్లో నిలబడి పద్యాలు పాడింది గుర్తుందా? హార్మోనియం అతను కూడా చేతులు జోడించాడు. అలక పుట్టిన మనిషి, పైగా ఆ మొక్కు మనసులో పెట్టుకున్న మనిషి, ఎక్కడికి పోతాడు? నాకు ఒక్క అనుమానం కూడా లేదు. మొహానికి రంగు పూసుకుని ఇక్కడే ఉన్నాడు మా బావ!

రేపు మధ్యాహ్నం వెళ్ళి చేయి పట్టుకుని తీసుకొస్తాను. టపాకు వేళైంది, అందుకని ఈ జాబు ఇప్పుడే వేసేస్తున్నాను. నువ్వు దిగులు పడకు.

తమ్ముడు
రంగప్ప


ధర్మవరం
18-3-1958

రంగప్పకు అక్క రాసేది.

నాటకమా! మూడు నెలల పసిగుడ్డును ఇంట్లో పెట్టుకుని రంగు పూసుకుని ఎగురుతున్నాడా? ఆ కంపెనీలో ఆడవేషాలు ఆడవాళ్ళే కడతారా, మగవాళ్ళు కడతారా? తిరుగు టపాలో రాయి. ఇది మొదట రాయాల్సిన సంగతి, నువ్వు రాయనే లేదు. హార్మోనియం సంగతి రాశావు.

నీ జాబు అందిన పూటే గోరుచుట్టు మీద రోకటిపోటు. పక్కింటి మగ్గాల యల్లప్ప పెనుకొండ నుంచి వచ్చి వీధిలోనే నిలబడి చెప్పాడు. అక్కడ జాతర ముందు కుస్తీలు మొదలయ్యాయట. ఆ పేరుగల ఆయన అగళి ఊరి వస్తాదుతో పట్టు పట్టి కింద పడ్డాడట, చేయి విరిగిందట. "మీ ఆయన పేరేనమ్మా, మైకులో నాలుగు తూర్లు చెప్పిరి" అన్నాడు. మొహం చూశావా అంటే, జనంలో వీపే కనిపించింది అన్నాడు. పెండ్లికి ముందు ఆయన కుస్తీ పట్టేవాడు కదా. ఆ వీరుడి రాతి ముందు కుస్తీ పడతానని కూడా మొక్కుకున్నాడేమో. నాకు చెప్పి మొక్కుకున్నది ఏముంది గనక!

ఆయన చేయి విరిగిందట, ఆయన నాటకంలో ఉన్నాడట, ఆయన రాతి దగ్గరేమో ఆయన పేరు మైకులో చెప్పారట. చేయి విరిగినవాడు కత్తి ఎలా తిప్పుతాడు? నాకు తల తిరుగుతోంది.

ఇంకొకటి. అత్త ఏడవడం లేదు. కొడుకు ఇల్లు విడిచి పోతే రెండు పూటలా తింటోంది, మధ్యాహ్నం నిద్రపోతోంది. నేను ఆమెతో మాట్లాడటం మానేశాను కాబట్టి అడగలేదు. నేను మొదట మాట్లాడను.

అక్క
నీలావతి


హిందూపురం
22-3-1958

అక్కకు రంగప్ప మొక్కులు. ఉగాది నిన్ననే అయింది. నువ్వు రాలేదు, బావ రాలేదు, పచ్చడిలో కృష్ణమ్మ వేపపువ్వే ఎక్కువ వేసింది.

ఆ నాటకం మనిషి మన బావ కాదు. రాయడానికి సిగ్గుగా ఉంది. గుడారం వెనక వేషాలు వేసుకుంటున్న చోటికి పోయాను. నీలం రంగు, గిరిజాల మీసాలు, పక్కన కత్తి. పేరు అడిగితే "నింగప్ప" అన్నాడు. ఎత్తు బావ ఎత్తే. వెంటనే చేయి పట్టుకుని, "బావా, అక్క ఏడుస్తాంది, లెయ్, రైలు ఉండాది, పోదాం పా" అని లాగాను. అతను బిత్తరపోయి, "ఎవురబ్బా నీ అక్క? నాకింకా పెండ్లే కాలేదు గదప్పా!" అన్నాడు. అక్కడున్నవాళ్ళంతా ఒకటే నవ్వు. ఆడవేషం కట్టినవాడైతే "బావా, అక్క ఏడుస్తాంది" అని నన్ను వెక్కిరిస్తూ చుట్టూ తిరిగాడు. ఆడవేషాలు మగవాళ్ళే కడతారు, నీకు అది కావాలి కదా, రాశాను.

ఆ నింగప్ప మంచివాడు. కాఫీ ఇప్పించాడు. వాళ్ళ అమ్మ కూడా ఆ రాతికే మొక్కుకుని కన్నదట. కోట మీదికి శత్రువు వచ్చినప్పుడు అందరూ పారిపోతే నింగన్న ఒక్కడే వాకిలి పట్టుకుని నిలబడి చచ్చిపోయాడట. ఆయనకు బిడ్డలు లేరు. అందుకని ఆ రాతికి మొక్కి కన్నవాళ్ళు బిడ్డకు ఆయన పేరు పెడతారట. "మా పక్క ఒగ రాయి ఇసిరితే ఇద్దురు నింగలకు తగుల్తాది" అన్నాడు. కంపెనీ రేపు గుడారం ఎత్తి ఆ జాతరకే పోతోంది.

నీ జాబును నేను, కృష్ణమ్మ మూడుసార్లు చదివాం. చేయి విరిగింది ఎవరికో తేలలేదు. "ఆయన, ఆయన" అని రాశావు. అందులో బావ ఉన్నాడు, మీ మామ ఉన్నాడు, వస్తాదు ఉన్నాడు, చచ్చిపోయిన వీరుడు ఉన్నాడు. ఏ ఆయన, అక్కా? పేరు రాయకపోతే మానె, పక్కన గుర్తయినా పెట్టు.

నేను కదలలేను. కృష్ణమ్మకు కాళ్ళు వాచాయి, మంత్రసాని ఇంట్లో మగదిక్కు ఉండాలంది. మా మండీకి కొత్తగా వచ్చిన బండి గంగన్నను పెనుకొండ పంపుతున్నాను. మడకశిర అవతలివాడు, అమాయకుడు, కానీ చూసింది చూసినట్టు చెప్తాడు.

రంగప్ప


ధర్మవరం
26-3-1958

రంగప్పకు.

ఉగాది రోజు బుడ్డోడికి ఒళ్ళు కాలిపోయింది. అత్త వాణ్ణి ఒళ్ళో వేసుకుని కూర్చుని నావైపు చూసింది. తిట్టినా బాగుండేది. నేనే ముందు మాట్లాడాను. "పేరు పెట్టకపోతేనా ఇదంతా?" అని అడిగాను. "జలుబమ్మా, వాము కాచి పట్టు" అంది. తెల్లారేసరికి జ్వరం దిగింది. కానీ ఆ రాత్రంతా నాకు ఒకటే తలపు. నా పంతం వల్ల బిడ్డ పోతే, బిడ్డ తండ్రి పోతే, నా నోటికి వచ్చే పేరుతో నేనెవరిని పిలుచుకోవాలి?

కాబట్టి గంగన్నతో చెప్పించు. ఏ పేరైనా పెట్టుకోమను. వీరుడిదే పెట్టమను. నేను వాణ్ణి "నాయనా" అని పిలుచుకుంటాను, అదేం పేరు కాదు కాబట్టి దోషం లేదు. చేయి విరిగి ఉంటే నేనే కలిపి తినిపిస్తాను. రాకపోతే మాత్రం క్షమించను.

కవరు మీద చిరునామా సంగతి మళ్ళీ రాయకు. కాగితానికి నోరు లేకపోవచ్చు, రాసేటప్పుడు నా నోట్లో పలుకుతుంది కదా.

నీళ్ళు కాయడం మానలేదు. ఎందుకని అడగొద్దు.

నీలావతి


హిందూపురం
1-4-1958

అక్కకు.

కృష్ణమ్మకు పొద్దున్నుంచి నొప్పులు. లోపల మంత్రసాని ఉంది, నేను వాకిట్లో కూర్చుని రాస్తున్నాను. ఇది తేలగానే నేను బయలుదేరతాను. నేను వచ్చేదాకా నువ్వు ఇల్లు కదలకు.

గంగన్న తిరిగి వచ్చాడు. బండి దిగి మండీలో కూలబడ్డాడు. నేను అడిగింది అడిగినట్టు, వాడు చెప్పింది చెప్పినట్టు రాస్తాను. నా బుర్ర పని చేయడం లేదు.

"నింగప్పను చూసినావా?"

"చూడల్యా సామీ. కోట వాకిలి కాడ ఆడోళ్ళు తల ఇరబోసుకోని గుండెలు బాదుకోని ఏడుస్తాండారు. నింగన్నా, పోయినావా నింగన్నా, అని. ఎవురమ్మా పోయింది అంటే నింగన్నే అనిరి. నేను ఆడ నిలబడల్యా. సావుకాడ నీళ్ళు గూడా తాగకుండా వచ్చేస్తి."

అక్కా, చేయి విరిగితే మనిషి పోతాడా? పోడు కదా? వాడు సరిగ్గా విన్నాడో లేదో. కానీ అమాయకుడు, అబద్ధం ఆడడు. నీకు రాయకూడదనుకున్నాను. రాయకుండా ఉండలేకపోయాను. నన్ను తిట్టుకో.

రంగప్ప


పెనుకొండ
5-4-1958

రంగప్పకు అక్క నీలావతి రాసేది. ఇది కూర్చుని చదువు. ఏడవకుండా చదువు, ఏడవాల్సింది ఏమీ లేదు. ముందు నాకు చెప్పు, కృష్ణమ్మకు ఏం బిడ్డ?

నీ జాబు మొన్న సాయంత్రం అందింది. అత్త పొరుగింట్లో ఉంది. కొడుకు పోయాడని తల్లికి చెప్పే నోరు నాకెక్కడిది? తెల్లారగానే "మా తమ్ముడి భార్య నొప్పులు పడుతోంది" అని చెప్పి, బుడ్డోణ్ణి కొంగులో కట్టుకుని రైలెక్కాను. పెనుకొండలో దిగి జట్కా ఎక్కితే, అతను "జాతర్కా అమ్మా" అన్నాడు. చావుకు పోయేదాన్ని జాతరకా అని అడుగుతాడేంటని ఒళ్ళు మండింది.

కోట వాకిలి దగ్గర జనం. గంగన్న అబద్ధం చెప్పలేదు. తల విరబోసుకున్న ఆడవాళ్ళు వరసగా కూర్చుని గుండెలు బాదుకుంటున్నారు. ఆ పేరే పెట్టి ఏడుస్తున్నారు. నా మొగుడికి ఇంతమంది ఏడ్చేవాళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చారని ఒక క్షణం అనుమానం కూడా వచ్చింది, దాపరికం ఎందుకు. తర్వాత పదేండ్లు నోరు కట్టుకుని కాపాడిన ఆయుష్షు ఇంతేనా అనిపించింది. ఇక తగ్గడానికి ఏం మిగిలింది? బిడ్డను గుండెకు పట్టుకుని, గొంతు చిరిగేలా అరిచాను.

"నింగప్పా!"

రాశాను చూడు. పలకడం అయిపోయింది, రాయడంలో ఏముంది.

జాతరంతా నావైపు తిరిగింది రంగప్పా. సగం మొహానికి నీలం రంగు పూసుకున్నవాడు ఒకడు తిరిగాడు. నువ్వు చేయి పట్టి లాగింది అతన్నే అయి ఉండాలి. మెడకు గుడ్డ కట్టి చేయి వేలాడేసుకున్న వస్తాదు తిరిగాడు. బొరుగులు అమ్మేవాడు, గాలిబుగ్గలు అమ్మేవాడు, నన్ను దింపిన జట్కా అతను, గట్టు మీద కూర్చున్న ముసలాయన, వాళ్ళ అమ్మ చంకలో ఉన్న పసివాడు కూడా. "ఏమమ్మా?" "నన్నేనా?" "ఎవురు తల్లీ నువ్వు?" అని. అంతమంది నింగలు! అందులో నావాడు లేడు.

ఏడ్చే ఆడవాళ్ళలో పెద్దావిడ, ఉలిగమ్మ అట, నా చేయి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. "ఏడువమ్మా, బాగా ఏడుస్తాండావు, నింగన్నకు ఏడిస్తే పుణ్యం" అంది.

"మట్టి చేసినారా అవ్వా?" అన్నాను.

"అయ్యో, చేసి మూడునూర్ల ఏండ్లాయ గదమ్మా" అంది.

నాకు ఏమీ అర్థం కాలేదు. మూడు వందల ఏండ్లేమిటి, మొన్నటిదాకా ఇంట్లో ఉన్నాడు కదా! ఆమె ఓపికగా చెప్పింది. వాళ్ళు ఆ వీరుడి అన్నదమ్ముల వంశం ఆడవాళ్ళు. జాతరకు ముందు తొమ్మిది రోజులు, ఆయన నిన్న పోయినట్టే ఏడుస్తారు. ఏడవడానికి ఆయనకు కూతురు లేదు కదా, అందుకని. నీ గంగన్న ఇంకొక్క గుక్కెడు నీళ్ళు తాగే దాకా నిలబడి ఉంటే ఈ సంగతి తెలిసేది.

అప్పుడు చూశాను. ఆ రాతి వెనక గడ్డం పెరిగిన మనిషి ఒకడు కడవతో నీళ్ళు తెచ్చి కడుగుతున్నాడు. నావైపు వీపు. తువ్వాలు ఎడమ భుజం మీద మూడు మడతలు. అంత అరుపు అరిచినా తల తిప్పనివాడు జాతరలో అతనొక్కడే. లేచి నిలబడ్డాను. నోటికి వచ్చిన మాట ఒకటే.

"ఏమయ్యో, నీళ్ళు కాగినాయి!"

"వస్తాండా!" అన్నాడు. కడవ కింద పెట్టి, మొహం తుడుచుకుని తిరిగాడు.

నేనింకా నవ్వాలో ఏడవాలో తేల్చుకోకముందే పూజారి చౌడప్ప తల పట్టుకున్నాడు. అసలు సంగతి ఇదీ. మొక్కిన పేరు పెట్టలేనివాళ్ళు ఆ మొక్కు విడిపించుకోవడానికి ఒక దారి ఉందట. పున్నమి నుంచి పున్నమి దాకా తండ్రి ఆ రాతికి ఊడ్చి నీళ్ళు పోయాలి. ఒక్క మాట మాట్లాడకూడదు, భార్యకు తెలియకూడదు. మీ బావ నా కోసం ఆ పని చేస్తున్నాడు. నా కొడుకు పేరు నా నోటికి వచ్చేది ఉండాలని. అత్తకు తెలుసు, అందుకే రెండు పూటలా తిన్నది. సేవ ముగిసిందని జెండా దించడానికి గంట ఉందనగా నేను వచ్చి ఆయన నోరు తెరిపించాను. "నెల దినాల సేవ నీళ్ళలో పోసినావు గదమ్మా! మళ్ళా మొదలుపెట్టాల, లేకుంటే పేరు పెట్టాల" అన్నాడు చౌడప్ప.

ఇంకొక నెల నీళ్ళు చల్లార్చుకునే ఓపిక నాకు లేదు. బుడ్డోణ్ణి అక్కడే ఆ రాతి ముందు పడుకోబెట్టాను. చౌడప్ప వాడి చెవిలో పేరు చెప్పాడు. జాతరలో మళ్ళీ ఒక నింగ ఎక్కువయ్యాడు. నేను వాణ్ణి నాయనా అనే పిలుస్తాను. పై వారం ధర్మవరంలో పప్పూ పాయసం చేస్తాం, మేనమామవు నువ్వు వచ్చి వెండి మొలతాడు కట్టాలి. నీకు కొడుకు పుట్టి ఉంటే మాత్రం, నీకు దండం పెడతాను, ఇంకేదైనా పేరు చూడు.

సాయంత్రం గట్టు మీద కూర్చున్నప్పుడు అడిగాను. "ఊరంతా నావైపు తిరిగి చూసింది. నీ పేరే కదా పిలిచాను, నువ్వెందుకు తిరగలేదు?" అని.

"కేక వింటి గదా. ఎవురో పాపం, మొగుణ్ణి పోగొట్టుకోనుండాది అనుకొంటి" అన్నాడు. కాసేపు బిడ్డ కాళ్ళు పట్టుకుని ఊపాడు. తర్వాత, "నువ్వు నన్ను పిలిచేది అట్ల కాదు గదా" అన్నాడు.

మీ అక్క
నీలావతి